పరదా మీద చెయ్యి

మొగులయ్యకు కొడుకులు లేరు. ఆ సంగతి ఆయన్ని పెద్దగా బాధపెట్టలేదు కానీ, ఆయన తరఫున బాధపడేవాళ్ళు దబీర్‌పురాలో చాలామందే ఉండేవారు. రైలు స్టేషను పక్క సందులో ఆయన మోటారు షెడ్డు. చుట్టుపక్కల నవాబుల దేవిడీల మోటార్లన్నీ అక్కడికే వచ్చేవి. మోటారు తెచ్చిన డ్రైవర్లు బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, మొగులయ్య తెప్పించిన చాయ్ తాగుతూ, "నీ తర్వాత గీ పానాలు ఎవరు పడ్తరు మొగులయ్యా, పాపం" అనేవారు. జాలి వాళ్ళది, చాయ్ ఆయనది.

ఉన్నది ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ఆండాలు, పదిహేనేళ్ళది. చిన్నది రాజమణి, దానికింకా జడలు సరిగా నిలవవు.

యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలంలో ఒక డాక్టరుగారి మోటారును హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తుంటే, ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మొగులయ్య కుడి మణికట్టును విరగ్గొట్టింది. ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి వెళ్ళి కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. చెయ్యి చూడ్డానికి బాగానే ఉండేది, అన్నం తినడానికీ పనికొచ్చేది. పానా పట్టి గట్టిగా ఒక తిప్పు తిప్పాలంటే మాత్రం వేళ్ళు ఆయన మాట వినేవి కావు.

ఈ మాట మొగులయ్య ఎవరికీ చెప్పలేదు. పట్టు పోయిన మిస్త్రీ దగ్గరికి మోటారు ఎవడు తెస్తాడు? అందుకని షెడ్డు తలుపు దగ్గరికి వేసుకుని, ఒక్కడే ఇంజనుతో కుస్తీ పట్టేవాడు. ఒకరోజు ఆండాలు మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చేసరికి, ఆయన ఒక ప్లగ్గు మీద పానా పెట్టి, పళ్ళు బిగపట్టి, చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. ప్లగ్గు కదల్లేదు. ఆండాలు గిన్నె కింద పెట్టింది. తండ్రి చేతిలోని పానా తీసుకుని, కాలు బంపరుకు తన్నిపెట్టి, ఒక్క గుంజు గుంజింది. ప్లగ్గు కిర్రుమని వదులైంది.

సంతోషించాల్సిన మనిషి సంతోషించలేదు. "ఎవరు చెయ్యమన్నరే నిన్ను, పో ఇంటికి" అని కసిరాడు. ఆ పిల్ల వెళ్ళిపోయాక గిన్నె ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయాడు. ఆయనకు వచ్చింది కోపం కాదు, సిగ్గు. తన షెడ్డులో, తన పానాతో, లంగా ఓణీ వేసుకున్న తన కూతురు తన పని చేసింది. ఆ సిగ్గు అప్పుడు పట్టుకున్నది, తర్వాత వదిలితే కదా.

అయితే సిగ్గుతో పొయ్యి వెలగదు. మర్నాడు ఆయనే పిలిచాడు. "రా బిడ్డ, సూపిస్త" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

నేర్పడం మాత్రం బాగా నేర్పాడు. అందులో ఆయన్ని తప్పు పట్టేవాళ్ళు లేరు. మొదటి పాఠం హ్యాండిల్‌దే. "బొటనేలు అవతలికి పోనియ్యకు. నాలుగు వేళ్ళ పక్కనే పెట్టు. ఎనక్కి తంతే చెయ్యి జారిపోవాలె గాని ఇరగొద్దు. నా లెక్క చేస్కోకు." రెండోది విప్పడం. విప్పినవి విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చాలి, లేకపోతే బిగించేటప్పుడు ఏడుపే గతి. మూడోది వినడం. ఇంజను మీద పానా చివర ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుంటే లోపల ఏం జరుగుతుందో వినిపిస్తుందని చూపించాడు. రాజమణి కూడా వచ్చి చేరింది. ప్లగ్గుల మసి గీకడం దానికి దొరికిన వరం. ఇంట్లో గిన్నె తోమమంటే ఏడ్చే పిల్ల, ఇక్కడ ప్లగ్గులు తళతళలాడేలా తోమేది. "రోడ్డు మీద బండి ఆగితే ఎవడో వచ్చి చేస్తడని కూసోవద్దు. దిగి చూస్కోవాలె" అని ఇద్దరికీ చెప్పేవాడు. చెబుతున్నప్పుడు కాసేపు సిగ్గు మరిచిపోయి మురిసిపోయేవాడు కూడా. తలుపు చప్పుడైతే మళ్ళీ గుర్తొచ్చేది.

ఆ తలుపు ఎన్నాళ్ళు మూస్తాడు? డ్రైవర్లు రానే వస్తారు. మొగులయ్య ఒక ఉపాయం పన్నాడు. ఆండాలుకు పైజామా, పొడుగు కమీజు తొడిగి, జుట్టంతా ఎత్తి కట్టి మీద పాత టోపీ పెట్టాడు. మొహానికి గ్రీజు అంటితే ఇక ఎవరి మొహమైనా ఒకటే. "ఉప్పుగూడల ఉన్న మా అక్క కొడుకు, సాయిలు. పని నేర్సుకుంటుండు" అని డ్రైవర్లకు చెప్పాడు. షెడ్డులో "ఇటు రారా, అది పట్టరా" అనేవాడు, ఇంటికి వచ్చాక "ఇటు రావే, అన్నం పెట్టవే" అనేవాడు. భార్య కొమురమ్మ కొన్నాళ్ళు చూసి, "పొద్దుగాల కొడుకు, మాపటికి బిడ్డ. ఒకే పిల్లతోని ఇద్దరు పిల్లల సుఖం అనుభవిస్తున్నవ్" అంది. మొగులయ్య నవ్వలేదు.

ఆండాలు పని ఇష్టమై ఊరుకుంది. బయటివాళ్ళతో ఉర్దూలో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం నాలుక కాచుకోవాల్సి వచ్చేది. తెలుగులో వస్త, చూస్త అంటే ఆడా మగా ఎవరికీ తెలియదు. ఉర్దూలో అలా కుదరదు. మగవాడైతే ఆతా, దేఖ్తా అనాలి, ఆడదైతే ఆతీ, దేఖ్తీ అనాలి. ఆ పిల్ల నెలల తరబడి తా అనే అంది, ఒక్కసారీ తప్పలేదు. తప్పులన్నీ మొగులయ్యవే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఈ బస్తీలోనే ఉన్నా, ఇప్పటికీ "మేరీ అమ్మా ఆయీ" అనాల్సిన చోట "మేరా అమ్మా ఆయా" అనేవాడు. డ్రైవర్లు పగలబడి నవ్వేవారు. తెలుగోళ్ళ ఉర్దూ అంటే వాళ్ళకు చాయ్‌లోకి బిస్కెట్టు లాంటిది.

ఇలా నడుస్తుండగా దసరా ముందు ఒక కబురు వచ్చింది. దగ్గర్లోని పెద్ద దేవిడీ బేగం సాహెబా జనానా మోటారుకు ఒక ఆడమనిషి కావాలని వెతికిస్తున్నారట. ఆ మోటారు అద్దాలకు నాలుగువైపులా పరదాలు. లోపల ఘోషా స్త్రీలు. అది నడుస్తున్నంతసేపూ బాగానే ఉండేది. దారిలో ఆగిందంటే లొల్లే. మగ మిస్త్రీ లోపలికి తొంగి చూడరాదు. ఆడవాళ్ళు దిగరాదు. కర్రలు పాతి, రోడ్డు మీద చుట్టూ గుడ్డలు కట్టి, పల్లకీ తెప్పించి, వాళ్ళను మరో బండిలోకి మార్చేసరికి సాయంత్రం అయ్యేది. పెద్దావిడ విసిగిపోయింది. మోటారు పని తెలిసిన ఆడది ఉంటే ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటానని, ఇంట్లో మనవరాళ్ళకు కూడా ఆ పని నేర్పిస్తానని అందట. దేవిడీ డ్రైవరు బాబురావు ఈ మాట షెడ్డులో చెప్పి, "మోటారు పనొచ్చే ఆడది ఏడ దొర్కుతదే, ఈమె చాదస్తం గాకపోతే" అని నవ్వాడు. బల్ల మీది వాళ్ళంతా నవ్వారు. మొగులయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. మోటారు కింద పడుకుని నట్టు బిగిస్తున్న సాయిలు చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఆ సాయంత్రం ఆండాలు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది. "బాపు, దేవిడీల నన్ను పెట్టియ్యి. టోపీ లేకుండ చేస్త. నా పేరుతోనే చేస్త."

"చూద్దాం తియ్యి."

"చూసుడేంది బాపు? పనొస్తది గద నాకు. నువ్వే నేర్పితివి."

"చూద్దామన్న గద" అని విసుక్కున్నాడు.

ఏం చూడాలో ఆయనకు బాగా తెలుసు. ఆండాలు ఆడపిల్ల అని బయటపడితే, ఇన్ని నెలలుగా షెడ్డులో పని చేసింది ఎవరో కూడా బయటపడుతుంది. మొగులయ్య చెయ్యి పోయిందనీ, కూతురి కష్టం తింటున్నాడనీ, దాన్ని దాచడానికి మగవేషం వేయించాడనీ బల్ల మీది వాళ్ళంతా చాయ్ తాగుతూ చెప్పుకుంటారు. ఆ నవ్వు తలచుకుంటేనే ఆయనకు ఒళ్ళు చచ్చిపోయేది. ఆండాలు మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ మళ్ళీ చూద్దామన్నాడు.

చివరికి ఆ మోటారే వచ్చి ఆగింది. షెడ్డుకు కాస్త దూరంలో, రైలు గేటు దగ్గర, బజారు నిండా జనం ఉండగా జనానా మోటారు ఉన్నట్టుండి ఊపిరి వదిలేసింది. బాబురావు పరుగెత్తుకొచ్చి మొగులయ్యను పిలిచాడు. మొగులయ్య, వెనకాలే సంచీ పట్టుకుని సాయిలు వెళ్ళారు. మోటారు పక్కన దేవిడీ కాపలాదారు సాలెం చావూష్ నిలబడి ఉన్నాడు. అరబ్బు మనిషి, తెల్లగడ్డం, నడుముకు బాకు, చేతిలో పొడుగాటి కర్ర. జనాన్ని ఆ కర్రతో దూరం తోస్తున్నాడు. పక్క మోటార్ల డ్రైవర్లు కూడా దిగి గుమిగూడారు. మోటారు ఆగితే మగవాళ్ళంతా మిస్త్రీలే అయిపోతారు కదా.

హ్యాండిల్ తిప్పితే పలకలేదు. దీపం వెలగలేదు. హారను మోగలేదు. "బ్యాటరీ తీగ ఊడినట్టున్నది" అంది ఆండాలు మెల్లగా. నిజమే. ఆ మోటారుకు బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. వెనక సీటు మీద పరదాల చాటున బేగం సాహెబా, ఆవిడ కోడళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంక కర్రలూ గుడ్డలూ పల్లకీ తప్పవని బాబురావు తల పట్టుకున్నాడు.

ఆండాలు సంచీ కింద పెట్టి మోటారు వెనక తలుపు దగ్గరికి నడిచింది. పరదా అంచు మీద చెయ్యి వేసింది. అందరూ వినేంత గొంతుతో అంది: "బేగం సాహెబా, జర సరకియే. మై అందర్ ఆకే దేఖ్ లేతీ హూఁ."

కొంచెం జరగండి, నేను లోపలికొచ్చి చూస్తాను అని. లేతా అనలేదు. లేతీ అంది.

లోపలినుంచి ముసలి గొంతు వినిపించింది. "కౌన్ హై? లడ్కీ హై క్యా?" ఆ గొంతులో కోపం లేదు. పైగా ఆశ ఉంది. ఆడపిల్లవా, అయితే రా అన్నట్టే ఉంది.

ఆండాలు తండ్రి వైపు చూసింది. నువ్వు చెప్పు అన్నట్టు చూసింది. నోరు జారి లేతీ అన్న పిల్ల చూపు కాదది. నెలలుగా ఒక్కసారీ తప్పని నాలుక అది. తెలిసే అంది, ఆ మాటతో తలుపు తీసి, ఇక నువ్వు లోపలికి పంపు బాపూ అని నిలబడింది. మొగులయ్యకు ఆ క్షణంలోనే అది అర్థమైంది. బాబురావు కళ్ళు చిట్లించి సాయిలు మొహం వైపు చూడటం కూడా కనిపించింది. చుట్టూ ఉన్న మొహాలన్నీ తన వైపు తిరగడం కనిపించింది.

"లేదు లేదు బేగం సాహెబా, పిలగాడే. నా మేనల్లుడు" అన్నాడు మొగులయ్య, తనకొచ్చిన ఉర్దూలో. గొంతులో నవ్వు కూడా తెచ్చిపెట్టుకున్నాడు. "మేము తెలుగోళ్ళం. మాకు ఉర్దూల ఆడ మాటేదో మగ మాటేదో తెల్వది."

డ్రైవర్లంతా గొల్లున నవ్వారు. అందరికీ తెలిసిన సంగతే కదా. బాబురావు కూడా కళ్ళు మామూలుగా చేసుకుని నవ్వాడు. మొగులయ్య గండం గడిచిందనుకున్నాడు.

నవ్వనివాడు సాలెం చావూష్ ఒక్కడే. ఆయనకు వినపడింది ఒక్కటే ముక్క. పిలగాడు. ఒక మగపిలగాడు జనానా పరదా మీద చెయ్యి వేశాడు. చావూష్ రెండంగల్లో వచ్చి, కర్ర ఎత్తి ఆ చేతి మీద కొట్టాడు. ఆండాలు అరిచి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండో దెబ్బ వీపు మీద పడింది. ఆ పిల్ల ఒంగిపోయి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

అప్పుడు కూడా ఒక్క మాట చాలు. బిడ్డ, నా బిడ్డ అంటే చాలు, మూడో దెబ్బ కోసం లేచిన కర్ర అక్కడే ఆగిపోయేది. మొగులయ్య నోట్లో ఆ మాట ఉంది. ఆయన బానెట్ వైపు చూస్తూ నిలబడ్డాడు. చెప్పలేదు. కర్రను ఆపింది మొగులయ్య కాదు, పరదా వెనక నుంచి ఇక చాలన్నట్టు వచ్చిన "బస్" అన్న ముసలి గొంతు. ఆండాలు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తండ్రి వైపు ఇంకోసారి చూసింది. తాను ఆడపిల్లనని తానే చెప్పుకోవచ్చు. చెప్పలేదు. తండ్రి ఆడిన అబద్ధం నిలబెట్టింది.

ఆ తర్వాత గుడ్డలు కట్టారు, పల్లకీలు వచ్చాయి, ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఖాళీ మోటారులోకి ఆండాలే ఎక్కి, సీటెత్తి, ఊడిన తీగను ఎడమ చేత్తో బిగించింది. మొగులయ్య పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాడు. ఆయన బతుకులో అంత బరువైన దీపం ఎన్నడూ పట్టలేదు.

ఇంటికి వచ్చాక కొమురమ్మ ఆ చేతికి పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. ఏం జరిగిందో రాజమణి అక్కను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుని, నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది. "అక్క అని ఎందుకు చెప్పలే బాపు?" అని అడిగింది. కొమురమ్మ దాన్ని రెక్క పట్టి లోపలికి లాక్కెళ్ళింది, భర్త మొహం మాత్రం చూడలేదు. ఆండాలు పోట్లాడలేదు. "నేనింక షెడ్డుకు రాను" అని మాత్రం అంది.

మర్నాడు మొగులయ్య షెడ్డు తెరిచి ఒక్కడే కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు సాయిలు ఏడీ అని అడిగితే ఊరికి పోయిండని చెప్పాడు. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడైంది. ఒక మోటారు హ్యాండిల్ తిప్పబోతే చెయ్యి జారిపోయింది. చేతి సంగతి దాచడానికే కదా అంతా చేసింది. ఇప్పుడు ఆ చేతిని చూసుకుంటే ఆయనకే అసహ్యం వేసింది. తన చెయ్యి విరిగిందని సిగ్గుపడి, కూతురి చెయ్యి విరగ్గొట్టించే దాకా వచ్చాడు. షెడ్డుకు తాళం వేసి దేవిడీకి నడిచాడు.

బేగం సాహెబా చిలకల బొమ్మలున్న పరదా వెనక కూర్చుని విన్నది. మొగులయ్య తల దించుకుని అంతా చెప్పాడు, చెయ్యి సంగతితో సహా.

"ఆడపిల్ల అని నాకు తెలుసు" అందావిడ. "ఇరవైమంది ఆడపిల్లల మధ్య బతికినదాన్ని, గొంతు గుర్తుపట్టనా? కానీ తండ్రివి, కాదన్నావు. తండ్రి కాదన్నాక నేనేం అనను? ఆపమనడానికే నాకు నోరు రావడం ఆలస్యమైంది. ఆ సిగ్గు నాది. నీది నువ్వు చూసుకో."

మొగులయ్య వెళ్ళబోయాడు.

"పిల్లను రమ్మను. పని ఉంది. నా మనవరాళ్ళకు కూడా నేర్పాలి. కానీ ముందు నువ్వు గేటు దగ్గరికి వెళ్ళు. అబద్ధం నా చెవిలో చెప్పలేదు నువ్వు, నా మనుషులందరి ముందూ చెప్పావు. నిజం కూడా అక్కడే చెప్పు."

గేటు దగ్గర బాబురావు, ఇంకొందరు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. సాలెం చావూష్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొగులయ్య వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. "సాయిలు నా మేనల్లుడు కాదు" అన్నాడు. "నా బిడ్డ, ఆండాలు. నా చెయ్యి పనికిరాక నా పని అదే చేస్తున్నది."

నవ్వుతారని చూశాడు. ఆ నవ్వుకు భయపడే ఇంత చేశాడు. ఎవరూ నవ్వలేదు. బాబురావు నేల చూపులు చూశాడు.

చావూష్ గోడ దగ్గర్నుంచి కదిలాడు. "బేటీ? తేరీ బేటీ?" అన్నాడు. మొగులయ్య తల ఊపాడు. ముసలాయన మొహం తెల్లబోయింది. తన చేతిలోని కర్రను అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "ఈ గడ్డం నెరిసేదాకా ఆడమనిషి మీద చెయ్యెత్తలేదు నేను. నువ్వు చూస్తూ నిలబడి, నా చేత కొట్టించావు" అన్నాడు ఉర్దూలో. కర్రను గోడకు వేసి కొట్టి విరగ్గొట్టాడు. "పద. ఇల్లు చూపించు."

ఇంటి ముందుకు రాగానే చావూష్ చెప్పులు విడిచి, గడప బయటే నిలబడి, ఇంటికి వీపు తిప్పాడు. ఆడవాళ్ళను చూడకుండా మాట్లాడటం ఆయన పద్ధతి. అలా తిరిగేసరికి ఆయన మొహం వీధిలో నిలబడ్డ మొగులయ్యకు ఎదురైంది.

అలికిడికి ఆండాలు గడపలోకి వచ్చింది. లంగా ఓణీలో ఉంది, చేతికి పట్టు ఉంది.

"బేటీ" అన్నాడు చావూష్, వెనక్కి చూడకుండానే. "తెలియక కొట్టాను. నన్ను మాఫ్ చెయ్యి. చెయ్యనంటే కూడా నీ మాటే."

ఆండాలు ఆ ముసలి వీపు వైపు చూసింది. "గట్లనకు చాచా. నీకు తెల్వది గద" అంది. "తెలిస్తే కొట్టకపోదువు."

ఆ మాట తగలాల్సిన మొగులయ్యకే తగిలింది. చావూష్ కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూశాడు. "అబ్ తూ" అన్నాడు. ఇక నువ్వు.

అడగాల్సిన మాట చిన్నదే. పరాయి మనిషి ఇప్పుడే వీధిలో నిలబడి అడిగి చూపించిన మాటే. మొగులయ్య నోరు తెరిచాడు. "చెయ్యి నొస్తుందా బిడ్డ?" అన్నాడు. అంతకంటే రాలేదు.

"తగ్గుతది" అంది ఆండాలు. ఆ గొంతులో కోపం లేదు, దగ్గరితనం కూడా లేదు. "దేవిడీకి రమ్మన్నరా?"

"రమ్మన్నరు."

"పోత. రేపు చాచా తీస్కపోతడు నన్ను. నువ్వు రాకు, బాపు."

చావూష్ ఇంటికి వీపు తిప్పి, మొగులయ్య కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడి ఉన్నాడు. ఆ చూపు తప్పించుకోవాలంటే ఇంట్లోకి వెళ్ళిపోవాలి. ఇంట్లోకి వెళ్ళాలంటే గడపలో ఉన్న కూతురి పక్కనుంచి వెళ్ళాలి. మొగులయ్య వీధిలోనే నిలబడిపోయాడు.